ఏడో అంశం

ఆరో అంశం చివర చుక్క పెట్టి నరసింగరావు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఏటా ఇక్కడ కాసేపు ఆగుతాడు. కంప్యూటరు వచ్చి ఇరవై ఏళ్లయినా మీటలను టైపు మిషను మీద కొట్టినట్టే కొడతాడు. చూపుడువేళ్ల కొసలు కాయలు కాసి ఉంటాయి. పొందూరు ఖద్దరు చొక్కా కాలరు ఒకసారి తిరగేసి కుట్టించుకున్నాడు. మెడ దగ్గర అది మళ్లీ పీచు లేస్తోంది.

విజయనగరంలో ఆ మేడ మీది మూడు గదులు వర్తక పారిశ్రామిక మండలివి. గోడ పొడుగునా పాత అధ్యక్షుల ఫొటోలు. ఏటా ప్రభుత్వానికి ఒక వినతిపత్రం పోతుంది. అనుమతులన్నీ ఒకే చోట ఇమ్మని, కరెంటు రేటు తగ్గించమని, పాతబడ్డ చట్టాలు సడలించమని. ముప్పై ఒక్క ఏళ్లుగా దాన్ని టైపు చేసింది అతనే. అధ్యక్షులు మారారు, ప్రభుత్వాలు మారాయి. అడిగేవాటిలో కొన్ని నెరవేరాయి, కొన్ని రాలిపోయాయి. రెండో ఏడు చేరిన చివరి అంశం ఒక్కటి మారలేదు. దాన్ని రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

'రైల్వే సైడింగులో సరుకు దించే కలాసీలకు నీడ షెడ్డు, తాగునీటి కుళాయి.'

అది కొట్టి, బల్ల మూలనున్న సత్తు గ్లాసు నిండా నీళ్లు పోశాడు. అంచు సొట్టపడిన గ్లాసు. గది ఊడుస్తున్న దానమ్మ చీపురు ఆపింది. ఇద్దరిదీ కొత్తవలస దగ్గర ఒకే ఊరు, పొద్దున్నే ఒకే రైల్లో వస్తారు.

"ఆ నీళ్లు నువ్వు తాగవు, ఒకరికియ్యవు. సాయంత్రం మొక్కకి పోస్తావు. ఏటి బావా, ఆ మొక్క నీకేటవుతాది?"

"పని సూసుకోయే."

"సూత్తన్నాను. నీ మొహమే బాగోలేదు. గుండెమందు ఏసుకున్నావా?"

అతను తెర వైపు తిరిగాడు. మందుబిళ్ల జేబులోనే ఉంది.

పదింటికి అధ్యక్షుడు విజయ్‌కుమార్ వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి. కీర్తిశేషులు రంగనాథంగారి కొడుకు. అమరావతి నుంచి పరిశ్రమల శాఖ పెద్ద అధికారి పదకొండింటికి వస్తున్నాడంటూ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు.

"రెండు పేజీలయింది, నరసింగరావుగారూ. ఆయన రెండో పేజీ తిప్పడు. ఆరు చాలు. ఇదేంటి, ఏడోది? సంస్కరణల మధ్యన కుళాయి గొడవెందుకు? తీసేయండి."

నరసింగరావు కదల్లేదు. విజయ్‌కుమార్ ఆ వాక్యాన్ని మళ్లీ చదివాడు. గొంతు కాస్త తగ్గింది.

"పాతవాటిలో కూడా చూసినట్టున్నాను. నాన్నగారు పెట్టించిందా?"

గోడ మీద రంగనాథం నవ్వుతున్నాడు. కళ్లజోడు అద్దం మీద కిటికీ వెలుగు పడి కళ్లు కనపడటం లేదు. నరసింగరావు ఆ వెలుగును చూస్తూ చెప్పాడు.

"అవును బాబూ. నాన్నగారే పెట్టించినారు."

"అయితే ఉండనివ్వండి. అక్షరాలు చిన్నవి చేసి ఒక పేజీలోకి తెండి."

ఆయన వెళ్లాక నరసింగరావు అక్షరాలు చిన్నవి చేశాడు.

అది ముప్పై ఏళ్ల కిందటి రోహిణీకార్తె. అప్పటి అధ్యక్షుడు రంగనాథంగారి సిమెంటు వేగన్లు సైడింగులో రెండు గంటలకల్లా ఖాళీ కాకపోతే జరిమానా పడుతుంది. రెండయ్యేదాకా ఎవడూ పని ఆపకూడదని ఆయన చీటీ. ఆ చీటీ టైపు చేసింది, సైకిలు మీద తెచ్చి మేస్త్రీ చేతికిచ్చింది నరసింగరావే. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. అతణ్ణి టైపు నేర్చుకోవడానికి పంపిన అన్న గంగులు బస్తా కింద వంగి ఉన్నాడు. కనుబొమల మీద చెమట, సిమెంటు కలిసి గట్టిపడ్డాయి. మొలకు కట్టిన సత్తు గ్లాసు చూపించాడు.

"తమ్మీ, గలాసుడు నీళ్లట్టుకురా."

కుళాయి గేటు అవతల ఎక్కడో ఉంది. మేస్త్రీ చూస్తున్నాడు.

"పావుగంట ఓర్సుకో అన్నా. రెండైపోతాది."

గంగులు పావుగంట ఓర్చలేదు. బస్తాతో సహా ముందుకు పడ్డాడు, మళ్లీ లేవలేదు. గ్లాసు వేగను చక్రానికి కొట్టుకుని సొట్టపడింది.

అప్పట్నుంచి రోజూ రెండింటికి పావుగంట ముందు సిమెంటు వాసన వస్తుంది. గుమ్మంలో ఎవరో వంగి నిలబడినట్టుంటుంది. నరసింగరావు తల ఎత్తడు. గ్లాసును మాత్రం గుమ్మం వైపున్న మూలలోనే పెడతాడు.

పదకొండున్నరకు గానీ అధికారి రాలేదు. నరసింగరావు ఫైళ్లు పట్టుకుని వెనక గోడకు ఆనుకున్నాడు. అధికారి ఒక్కో అంశానికీ పరిశీలిస్తామన్నాడు. ఏడో దాని దగ్గర వేలు ఆగింది. నరసింగరావుకు ఊపిరి అందలేదు.

"ఇంతేనా? కలెక్టరుగారికి చెప్తాను. ఈ నెలలోనే అయిపోతుంది."

"మా నాన్నగారి కోరిక సార్," అన్నాడు విజయ్‌కుమార్. "ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాం." అతని కళ్లు నిజంగానే తడిశాయి. మండలి సభ్యులందరూ చప్పట్లు కొట్టారు. కొందరు లేచి ఫొటోకు దణ్ణం పెట్టారు.

ఒంటిగంటన్నరకు కార్లు వెళ్లిపోయాయి. విజయ్‌కుమార్ మెట్లు దిగబోతూ వెనక్కి వచ్చాడు.

"బోర్డుకి మేటరు కొట్టి ఉంచండి. రంగనాథం స్మారక నీడ షెడ్డు. బాగుంటుందా? నాన్నగారి మనసు తెలిసిన మనిషి మీరు."

నరసింగరావు నోరు తెరిచాడు. అన్న పేరు నాలుక దాకా వచ్చింది. దాని వెనకే చీటీ వచ్చింది, పావుగంట వచ్చింది.

"బోర్డు మీద ఏ పేరైతే ఏటి బాబూ," అన్నాడు. "కుళాయి ముందు బిగించమనండి."

విజయ్‌కుమార్ అతని భుజం తట్టి వెళ్లాడు.

నరసింగరావు రంగనాథం పేరు టైపు చేశాడు, తప్పు లేకుండా. కాగితం తీసి బల్ల మీద సరిచేసి పెట్టాడు. గోడ గడియారంలో రెండింటికి పావుగంట తక్కువ. సిమెంటు వాసన వచ్చింది. ఈసారి అతను తల ఎత్తాడు.

రెండు దాటాక దానమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది.

"బావా, సల్లారిపోతాది. లెగు."

అతను కుర్చీలో గుమ్మం వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె అతని చెంప తాకి చూసి, క్యారేజీ నేల మీద పెట్టి, పక్కనే కూలబడింది. అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చొక్కా మీద గానీ బల్ల మీద గానీ తడి లేదు.

బల్ల మూల సత్తు గ్లాసు అడుగు దాకా ఖాళీగా ఉంది.