అలిగిన మిషన్లు

ఆ వర్క్‌షాపులో ఏ మిషనూ చెడిపోదు. అలుగుతుంది.

పొద్దున్నే షట్టరు ఎత్తగానే టర్నరు వెళ్ళి, ఇనుము చెక్కే లేతు మిషన్ స్విచ్ వేస్తాడు. అది ఓసారి మూలిగి ఊరుకుంటుంది. టర్నరు తల బయటపెట్టి, "అలిగిందండీ" అని కబురు చెబుతాడు. ఫిట్టరు టీ గ్లాసు కింద పెట్టి, పానాల పెట్టె పట్టుకుని వస్తాడు. నూనె డబ్బా మూత కత్తిరించి ఆ రేకుముక్కని అరిగిన బేరింగు పక్కన దూరుస్తాడు. తెగిన బెల్టుకి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టు కడతాడు. అప్పుడు ఓనరు తన ఇనప కుర్చీ ఈడ్చుకొచ్చి, లేతుకి ఎదురుగా వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుని, "దీనికేం కాలేదు" అంటాడు. లేతు తిరుగుతుంది.

ఆయన చూస్తున్నంతసేపూ తిరుగుతుంది. బాత్రూముకెళ్తే ఆగుతుంది. అందుకే టర్నరు, "టూలు మార్చుకోవాలి సార్, మీరోసారి వెళ్ళొస్తారా?" అని అడిగి మరీ పంపిస్తాడు. డ్రిల్లింగ్ మిషన్‌కి తలుపు స్ప్రింగు తగిలించి నడుపుతున్నారు కాబట్టి దాని మీదా ఆయన చూపు ఉండాలి. పాపం, ఓనరు రెండిటికీ కనపడేలా కాస్త ఏటవాలుగా కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మెడ పట్టేస్తే వెల్డరు వచ్చి మర్దనా చేసి పోతుంటాడు. పనిలో కొత్తగా చేరినవాళ్ళకి ఏ స్విచ్ ఎక్కడుందో చూపించి, ఓనరు ఎటు తిరిగి కూర్చుంటాడో కూడా చూపిస్తారు. వాళ్ళూ సరేనని తలూపి పనిలో పడతారు. లోకమంతా కన్ను పడితే పాడవుతుందని భయపడుతుంటే, ఇక్కడ కన్ను పడితేనే పని జరిగేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒట్టి చూపుతో ఏదీ నడవదు. ముందు ఫిట్టరు చెయ్యి పడాలి, ఆ తర్వాతే ఓనరు చూపు. ఇద్దరూ కలిస్తేనే వర్క్‌షాపు. పైగా బావాబావమరుదులు, ఫిట్టరు కట్టుకున్నది ఓనరు చెల్లెల్నే. ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు. రోజుకి నాలుగుసార్లు పోట్లాడుకుంటారు, మధ్యాహ్నం ఒకే క్యారేజీలో తింటారు.

ఓనరుకి ఈ మొండితనం ఊరికే రాలేదు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు షాపు వాళ్ళ నాన్నది. ఒకరోజు పెద్ద లేతు గేర్లు విరిగాయి. నాన్న దాని చుట్టూ ఓసారి తిరిగి, "ఇంకేముంది, చెడిపోయింది" అని, చేతులు కడుక్కుని, ఇంటికెళ్ళి పడుకున్నాడు. మరి లేవలేదు. మిషన్ పోతే మిషన్ పోయింది, మనిషి ఎందుకు పోవాలి? పోయింది ఆ మాట వల్లేనని కొడుకు అనుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆ మాట షాపులో ఎవరూ అనకూడదు. అంటే ఆ పూటకి పని లేదు. అలా వచ్చింది ఈ అలక.

ఈమధ్య ఫిట్టరుకి ఇంట్లో ఆయాసం వస్తోంది. మెట్లెక్కి వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోతాడు, చొక్కా విప్పడానికి కూడా ఓపికుండదు. షాపులో మాత్రం నిక్షేపంగా ఉంటాడు. మోటారు ఒక్కడే ఎత్తి పక్కన పెడతాడు. చెల్లెలు భయపడి అన్నతో చెప్పింది.

"పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా కళ్ళెదురుగానే ఉంటాడమ్మా. ఏం కాలేదు" అన్నాడు ఓనరు.

ఆ మాట నిజమే. వచ్చిన చిక్కంతా అదే.

ఆ రోజు పొద్దున లేతు మళ్ళీ అలిగింది. ఫిట్టరు మూత విప్పి లోపల వేలు పెట్టి చూసి, రేకు కత్తిరించకుండా లేచి నిలబడ్డాడు.

"బావా, ఇక రేకులతో కాదు. కొత్త బేరింగు వెయ్యాల్సిందే."

"దానికేం కాలేదు. అలిగింది. రేకు పెట్టు."

"రేకు మీద రేకు, దాని మీద రేకు. లోపల బేరింగు కంటే రేకులే ఎక్కువున్నాయి. నువ్వు చూస్తే తిరుగుతుంది, కాదన్లేదు. కానీ దాని పక్కన నిలబడి పనిచేసేది టర్నరు. గిర్రున తిరిగే ఆ చక్ ఊడి వాడి మొహం మీదకొస్తే నువ్వు చూసి ఆపుతావా?"

టర్నరు నేల చూపులు చూశాడు. వెల్డరు చేతిలో పని ఆపాడు.

"అంటే ఏమంటావు?" ఓనరు గొంతు మారింది.

"అనేదేముంది. చెడిపోయింది అంటాను."

అందరి ముందూ అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మాట ఆ గోడల మధ్య వినపడింది. ఓనరు ముక్కుపుటాలు అదిరాయి. బావ కాబట్టి బయటికి పొమ్మనలేడు, మొండి కాబట్టి ఊరుకోలేడు. కుర్చీ పట్టుకుని గిర్రున తిప్పి, గోడవైపుకి వేసుకుని కూర్చున్నాడు.

"ఇంక నీ మొహం చూడను."

ఫిట్టరు ఏదో అనబోయాడు. ఎడం చెయ్యి గుండె మీద వేసుకుని, పక్కనున్న పెట్టె మీద కూర్చోబోయి, పెట్టె పక్కన పడ్డాడు.

ఇన్నాళ్ళూ తను దేనిమీద నడుస్తున్నాడో అతనికీ తెలియదు. చూపుతో నడిపినవాడికీ తెలియదు. ఓనరు వెనక్కి తిరిగేసరికి బావ పెదాలు నీలంగా ఉన్నాయి. "బావా, నేను చూస్తున్నా, చూస్తున్నా" అంటూ ఒళ్ళోకి తీసుకుని, ఆసుపత్రి దాకా రెప్ప వెయ్యకుండా చూస్తూనే తీసుకెళ్ళాడు. టర్నరు ఆయన స్కూటరు నడుపుతుంటే వెనకనుంచి, "ఏం కాలేదు, కోపం వచ్చింది, అలిగాడు" అని గొణుగుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి అన్నాచెల్లెళ్ళని పిలిచింది.

"గుండెలో వాల్వు పోయింది. ఈ పరిస్థితిలో మనిషి ఎప్పుడో..." అని ఆగి, గది అద్దంలోంచి ఫిట్టరు మంచం పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ చూసింది. గుండె తీరు చూపించే తెరమీద గీత అప్పటికే తడబడుతోంది. "మీరు ముందు వెళ్ళి అక్కడ కూర్చోండి. అక్కడే మాట్లాడుకుందాం."

ఓనరు వెళ్ళి ఎదురుగా కూర్చోగానే గీత లయగా ఎగిరిపడుతూ సాగింది. నర్సు ఆ సంగతి చీటీ మీద రాసుకుని వెళ్ళిపోయింది.

"వాల్వు మార్చాలి" అంది డాక్టరమ్మ.

"మార్చడం ఎందుకు? నడుస్తోందిగా."

"మీరు కూర్చున్నంతసేపూ నడుస్తుంది. ఎంతసేపు కూర్చుంటారు?"

"ఎంతసేపైనా."

ఆవిడ నచ్చజెప్పింది, కసిరింది, ఆఖరికి ఆయన మాట పట్టించుకోకుండా ఫిట్టరుని ఆపరేషన్‌కి తీసుకెళ్ళింది. ఆపరేషన్ చెయ్యాలంటే గుండెని కాసేపు ఆపాలి. ఆగినంతసేపూ దాని పని వేరే మిషన్ చేస్తుంది. మత్తు ఇచ్చారు, ఆపే మందు ఎక్కించారు. గుండె ఆగలేదు. ఇంకాస్త ఎక్కించారు. ఊఁహూఁ. డాక్టరమ్మ చేతి తొడుగులు లాగేసి బయటికొచ్చింది. ఓనరు తలుపుకెదురుగా బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ తలుపునే చూస్తున్నాడు.

"మీరు అలా కూర్చుంటే నేను పనిచెయ్యలేను" అంది.

"నేనేం చేశాను? కూర్చున్నాను."

"ఆయన గుండె మీ మాట వింటోంది. నా మందు మాట వినట్లేదు. మీరు ఇంటికెళ్ళినా లాభం లేదు, మీ మనసులో ఏమీ కాలేదనే ఉంది. ముందు అది పోవాలి."

"మీ మిషన్ మధ్యలో అలిగితే?"

"కొత్త మిషన్ అండీ అది" అంది డాక్టరమ్మ. "పార్టులు ఎప్పటికప్పుడు మారుస్తాం."

ఫిట్టరుని మళ్ళీ మంచం మీదకి తెచ్చారు. ఓనరు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. తిండి అక్కడే, కాపలా అక్కడే. కునుకు పడితే గీత కిందకి జారుతుంది. చెల్లెలు ఆయన భుజం పొడుస్తుంది, ఉలిక్కిపడి లేస్తాడు, గీత లేస్తుంది. ఆయన కళ్ళు ఎర్రబడి ఉబ్బిపోయాయి. రానురాను ఆమె మొగుడి వంక చూడటం మానేసి, అన్న రెప్పల్నే చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

టర్నరు వచ్చాడు. షాపులో ఒక్కటీ కదలట్లేదని చెప్పడానికి వచ్చినవాడు, ఆయన వాలకం చూసి ఆ మాట మింగేశాడు. డాక్టరమ్మ చెప్పిందంతా చెల్లెలి నోట విని, కాసేపు టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఒక్కసారి ఒప్పుకోండి సార్. ఆయన బతుకుతాడు."

"ఒప్పుకుంటే షాపులో అవన్నీ వింటాయిరా."

"వింటాయి" అన్నాడు టర్నరు. "ఒకదానికి చెడిపోయిందని చెప్పి, మిగతావాటిని నమ్మించలేరు. తెలుసు సార్."

"నాన్న ఒక్కమాట అన్నాడు. ఆ ఒక్కమాటకే పోయాడు."

అప్పుడు చెల్లెలు నోరు విప్పింది. పెళ్ళైన దగ్గర్నుంచి అన్నకి ఎదురు చెప్పిన మనిషి కాదు.

"నాన్న ఆ మాట అన్నందుకు పోలేదు అన్నయ్యా. అని పడుకున్నందుకు పోయాడు. ఎవరూ వెళ్ళి గేర్లు మార్చలేదు, అందుకు పోయాడు. నేను అప్పుడు చిన్నదాన్నే, కానీ గుర్తుంది. నువ్వు ఆ మంచం పక్కన కూర్చుని, ఏం కాలేదు నాన్నా, ఏం కాలేదు నాన్నా అంటూనే ఉన్నావు. నీ కళ్ళు మూతపడేదాకా ఉన్నాడు. తెల్లారేసరికి లేడు."

ఓనరు తల ఆమె వైపు తిరగబోయింది. గీత వణికింది. ఆయన మళ్ళీ ఫిట్టరుని చూశాడు.

"నువ్వు చూస్తున్నంతసేపే ఉండే మనిషి నాకొద్దు" అందామె ఏడుస్తూ. "నువ్వు రెప్ప వాల్చినా నాకు గుండె ఆగినంత పనవుతోంది. నాకు ఈయన కావాలి. ఇంట్లో నా మీద విసుక్కునే మనిషి కావాలి. ఎవరూ చూడకపోయినా ఉండాలి. నీకు చేతనైంది నువ్వు చేశావు, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆవిడ్ని ఆవిడ పని చెయ్యనీ."

ఓనరు చూపు తిప్పకుండానే చెల్లెలి తల నిమిరాడు. తర్వాత, "ఆ డాక్టరమ్మని పిలువు" అన్నాడు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర స్ట్రెచర్ బండి ఆపమన్నాడు. డాక్టరమ్మ మొహానికి గుడ్డ కట్టుకుని సిద్ధంగా నిలబడింది. ఓనరు వంగి, బావ గుండె మీద చెయ్యి వేశాడు. మిషన్ లోపల ఏదైనా తేడా శబ్దం వస్తే అలాగే చెయ్యి వేసి చూస్తాడు, కాకపోతే చూశాక నిజం చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

"బావా" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "బావా, ఇది అలక కాదు. నీ గుండె చెడిపోయింది. చెల్లెలు చెప్పింది, నేనే వినలేదు. నాకు చాలా భయంగా ఉందిరా. వీళ్ళు పార్టు మారుస్తారట. మార్చనీ."

ఆయన చెయ్యి కింద గుండె ఓసారి తడబడింది. డాక్టరమ్మ బండి లోపలికి లాగేసింది. తలుపు మూసుకుంది.

షాపులో అప్పుడే వెల్డరు తాళం తీసి లోపల అడుగుపెట్టాడట. రేకుముక్కలన్నీ బేరింగుల్లోంచి గలగలమని రాలాయి. సైకిల్ ట్యూబు కట్లు వీడిపోయాయి. డ్రిల్లింగ్ మిషన్‌లోంచి తలుపు స్ప్రింగు ఎగిరి గోడకి తగిలింది. ఆసుపత్రి ముందు ఓనరు స్కూటరు స్టాండు మీద నిలబడి ఉన్నది ఉన్నట్టు ఒరిగి పడుకుంది. కాపలా మనిషి దాన్ని లేపబోయి, హాండిలు చేతికి రావడంతో జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

ఓనరు బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు వంక చూడలేదు, చూస్తే ఎక్కడ పని చెడుతుందోనని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె, టర్నరు, ఆయన ముగ్గురూ నేల వంకే చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నారు. టర్నరు మధ్యలో వెళ్ళి టీ తెచ్చాడు, ఎవరూ తాగలేదు.

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. మొహం మీద గుడ్డ తీసింది. ఆవిడా అలసిపోయి ఉంది.

"మార్చేశాం. గుండె మళ్ళీ మొదలైంది."

"నేను వచ్చి కూర్చోనా?" అన్నాడు ఓనరు లేచి.

"చూడ్డానికైతే రండి. కూర్చోవాల్సిన పని లేదు."

ఫిట్టరు రెండ్రోజులకి కళ్ళు తెరిచాడు. నోట్లో గొట్టాలు తీసేశారు. ఎదురుగా కుర్చీలో బావ ఉన్నాడు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, మనిషి సగమయ్యాడు. పక్కన భార్య నిలబడి ఉంది.

"లేతు..." అన్నాడు ఫిట్టరు పీలగా.

"పడిపోయింది. డ్రిల్లింగ్ మిషనూ పడిపోయింది. అన్నీ పోయాయి బావా. నువ్వు లేచాక మొదటి బేరింగు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. కొత్తవే వేద్దాం. ఏవి కావాలో నువ్వే చెప్పు, నాకేం తెలుసు, నేను ఎప్పుడైనా లోపల చూశానా."

ఫిట్టరు నవ్వబోయి, కుట్లు లాగి ఆగాడు. ఓనరు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, టర్నరుకి కొత్త చక్ అనీ, షట్టరుకి కొత్త బోల్టులనీ. చెబుతూ చెబుతూ మాట ముద్దైపోయింది. తల ఓ పక్కకి వాలింది. నోరు తెరుచుకుని గురక మొదలుపెట్టాడు.

చెల్లెలు అలవాటుగా భుజం పొడవబోయి, తెరవైపు చూసింది. గీత లయ తప్పకుండా, తన పని తను చేసుకుంటూ సాగుతోంది.

"లేపకు" అన్నాడు ఫిట్టరు. "నిద్రపోనీ."

ఆమె కిటికీ తెర వేసి, వచ్చి మొగుడి పక్కన కూర్చుంది.