సూది పెట్టిన ఫొటో

ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడినంత మెత్తగా ఆమె మొగుడు కట్టుకున్న పెళ్ళాంతో ఏనాడూ మాట్లాడలేదు. ఆమె కడుపుమంటంతా అక్కడే ఉంది.

ఆయన పళ్ళ సెట్లు తయారుచేసే చోట పనిచేస్తాడు. రోజంతా మైనంతో పళ్ళు మలిచి, కొత్త పన్నుకీ పక్క పన్నుకీ రంగులో వెంట్రుకవాసి తేడా లేకుండా చూసీ చూసీ, ఆ కన్ను ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. ఫోన్‌లో ఒక ఫొటోల గ్రూపు ఉంది. జనం పెట్టుడు పేర్లతో తాము తీసిన ఫొటోలు పెడతారు, మిగతావాళ్ళు అభిప్రాయం రాస్తారు. అక్కడొక కట్టుబాటు. ముందు నచ్చినదేమిటో చెప్పాలి. తర్వాత ఏం మారిస్తే బాగుంటుందో, ఎందుకో చెప్పాలి. ఫొటోని అనొచ్చు గానీ తీసినవాళ్ళని అనకూడదు. "సూపర్" అని ఒక్క మాట రాసి పారిపోకూడదు, "చెత్త" అని అసలే రాయకూడదు. దాన్ని ఆయనంత నిష్ఠగా పాటించేవాళ్ళు ఆ గ్రూపులో మరొకరు లేరు.

అంతటితో ఆగినా ఆమె సర్దుకుపోయేదే. కానీ రాసింది పంపేముందు ఆయన పైకి చదివి వినిపించేవాడు.

"ఇది విను. 'కిటికీ పక్కన మీరు వదిలిన ఖాళీ చోటు నాకు చాలా నచ్చింది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది. కుడివైపు ఆ కుర్చీకాలు లేకపోతే చూపు చెదరకుండా ఉండేదేమో, ఒకసారి ఆలోచించండి.' ఎలా ఉంది? ఆవిడ బాధపడదు కదా?"

"ఎవరావిడ?"

"వానచుక్క."

వానచుక్క! ఆ పేరు వింటేనే ఆమెకి ఒళ్ళు మండేది. వానచుక్క కిటికీలు తీస్తుంది, తడిసిన మెట్లు తీస్తుంది, ఖాళీ బెంచీలు తీస్తుంది. ఏది తీసినా ఈయన దాని ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇంట్లో మాత్రం కూరకి వంక పెట్టేముందు నచ్చినదేమిటో చెప్పాలన్న సంగతే గుర్తుకు రాదు.

బట్టలు సరిచేసే కొట్టులో ఆమెది కుట్టుపని. పక్క మిషను మీద కూర్చునే పెద్దావిడని అక్కా అని పిలుస్తుంది. ఒకరోజు ప్యాంటు అంచులు విప్పుతూ ఆవిడ దగ్గర మనసులో ఉన్నదంతా కక్కేసింది.

"అయితే నువ్వూ ఆ గ్రూపులో చేరిపోవే," అంది అక్క, పంటితో దారం తెంపి. "అసలు పేరు చెప్పక్కర్లేదంటున్నావుగా. నీకేం రాస్తాడో చూద్దాం."

"నాకు ఫొటోలు తియ్యడం ఏమొచ్చక్కా?"

"కోపం వచ్చుగా. చాలు."

మర్నాడు ఉదయం ఆయన కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, వంగి ఫోన్ చూసుకుంటున్నాడు. టీ పెట్టబోతూ ఆమె ఆయన వెనకాల ఆగింది. పక్కనుంచి పడుతున్న ఎండకి చెవి అంచు ఎర్రగా వెలుగుతోంది. పలచబడ్డ జుట్టు, మెడ మీద ముడతలు, చొక్కా కాలరు. ఆమె ఫోన్ తీసి, బాగా దగ్గరగా జరిగి, నొక్కింది. ఆయన వెనక్కి తిరగలేదు. ముందు వానచుక్క ఉంటే వెనక ఇల్లు కూలినా తిరగడు.

ఆ మధ్యాహ్నం "సూది" అన్న పేరుతో ఆ ఫొటో గ్రూపులో పెట్టింది.

సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతుండగా ముందు గదిలోంచి ఆయన పిలిచాడు. "ఏమే, ఇలా రా. ఇది విను."

కత్తి చేతిలో ఉండగానే వచ్చి కూర్చుంది.

"'సూదిగారికి నమస్కారం. మీ ఫొటో ముందు చాలాసేపు కూర్చున్నాను. మొహం చూపించకుండా ఒక మనిషిని ఇంతగా చూపించడం తేలిక కాదు. చెవి వెనక వెలుగు పడేదాకా మీరు ఆగారు. ఇతను అలసిపోయిన మనిషి. తీసినవాళ్ళకి ఇతని మీద కోపముందో ప్రేముందో నాకు తేలలేదు, తేలకపోవడమే బాగుంది. అన్నిటికన్నా నచ్చింది కాలరు. అరిగిపోతే విప్పి, తిరగేసి కుట్టినట్టున్నారు. అంత సన్నని కుట్టు వేసినవాళ్ళెవరో గానీ ఇతన్ని బాగా చూసుకుంటున్నారు. ఫోన్ ఇంకాస్త కిందికి దించి ఉంటే ఆ కుట్టు పూర్తిగా కనబడేది.' ఎలా ఉంది? బాధపడదు కదా?"

ఆమె గుండె ఒక్కసారి ఉప్పొంగింది. ఇన్నేళ్ళలో ఆయన నోట తన పని గురించి ఇంత మాట వినలేదు. ఆ సంతోషంలో గుక్క తిప్పుకునేలోపే ఆయన ఇంకో మాట అన్నాడు.

"ఎవరోగానీ, ఏం చూపే ఆవిడది! వానచుక్క కూడా ఈవిడ ముందు దిగదుడుపే."

అంతే. ఇన్నాళ్ళూ వానచుక్క మీదున్న మంటంతా సూది మీదికి మళ్ళింది. సూది తనే. తెలిసీ ఓర్చుకోలేకపోయింది. ఆ మెచ్చుకోలు ఎవరో పరాయిదానికి పోయినట్టు, తనకి దక్కాల్సింది దాని ఖాతాలో పడినట్టు అనిపించింది.

"ఆవిడకి చూపుంది. మీకు లేదు," అంది.

"ఏమిటీ?"

"ఆ కాలరు ఎవరిదో తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది?"

"చెయ్యి పెట్టి చూసుకోండి."

పొద్దున వేసుకున్న చొక్కా ఆయన ఇంకా మార్చలేదు. చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వెళ్ళింది. వేలు కాలరు అంచు వెంట పాకి, చెవి దగ్గర ఆగింది. ఫోన్ కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు. మొహం పాలిపోయింది.

"సూది... నువ్వా?"

"నేనే. ఎండాకాలం రాకముందు తిప్పి కుట్టాను ఆ కాలరు. ఆ చొక్కా వేసుకుని ఎన్నిసార్లు నా ముందు తిరిగారు? ఒక్క మాటన్నారా? ఫొటోలో పెడితే తప్ప కనబడదా? పైగా ఎవరో తెలీనిదాని మనసు నొచ్చుకోకూడదని నన్నే అడుగుతారు! నాకు మనసు లేదా?"

"నా మెడ నేనెప్పుడూ చూసుకోలేదు," అన్నాడాయన. అది సంజాయిషీ కింద చెల్లదని ఆయనకే తోచినట్టుంది, తల దించుకున్నాడు. "కాలరు మాత్రం చూడాల్సింది. తప్పు నాదే."

ఆమె కత్తి పక్కన పెట్టింది. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు. అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

"వానచుక్క ఎవరు?"

"ఒట్టు, తెలీదు. ఆడో మగో కూడా తెలీదు. పేరు చూసి ఆవిడ అంటున్నానంతే."

"పండుముసలి తాతైనా సరే, నాకు కుళ్ళే."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందోనని ఆపుకున్నాడు. "మరి ఇది పంపనా?"

"పంపకండి. నాకే చెప్పండి. 'ఎవరోగానీ' లేకుండా."

దగ్గరికి జరిగి, ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టుకుని మొదలుపెట్టాడు. పరాయివాళ్ళకి గడగడా రాసే మనిషి, ఎదురుగా పెళ్ళాం కూర్చునేసరికి ప్రతి మాటకీ నీళ్ళు నమిలాడు. ఆమె ఒక్క ముక్క అందివ్వలేదు. తడుముకోనిచ్చింది.

"ఇంతకీ తీసేటప్పుడు కోపమా, ప్రేమా?" అడిగాడు.

"కోపమే. రెండోది మీకెక్కడ కనబడిందో చూపించండి."

ఆయన చెవి అంచు మీది వెలుగు చూపించాడు. ఆమె దాని కేసి చూస్తూ ఉండిపోయింది.

అంతలో ఫోన్ కుయ్‌మంది. వానచుక్క కొత్త ఫొటో. ఆయన చూపు అటు జారడం, గబుక్కున వెనక్కి రావడం, రెండూ ఆమె పట్టేసింది.

"చూడండి, చూడండి. రాయండి కూడా. నాలుగు వాక్యాలు దాటకూడదు," అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

కాసేపయ్యాక పొయ్యి దగ్గర నిలబడే తన ఫోన్ తెరిచి చూసింది. ఆరు వాక్యాలు రాశాడు. సరే, అంతగా ఏముందందులో అని ఫొటో పెద్దది చేసింది. తడిసిన మెట్లు, చివరి మెట్టు మీద ఒంటి చెప్పు. ఏం మార్చాలో చెబుదామని మూలమూలా వెతికింది. ఏమీ దొరకలేదు. నిజంగానే బాగుంది. అది అన్నిటికన్నా ఎక్కువ మండించింది. నచ్చిందని రాసి, ఎందుకు నచ్చిందో కూడా రాసి, పళ్ళు బిగబట్టి పంపింది.