బెత్తెడు దూరం

మోకాళ్ళకు మెత్తలు కట్టుకుని, పరుపుల మీద రెండుసార్లు ఉత్తినే పడి లేచి, అతను గోడ అద్దంలో చూసుకుంటూ దవడ అటూ ఇటూ ఆడించాడు. పడటం అతని ఉద్యోగం. బొమ్మల సినిమాల్లో పోరాటాలు గీసేవాళ్ళు ముందుగా మనుషులు కొట్టుకోవడాన్ని కెమెరాతో తీసుకుంటారు. తర్వాత మేడ మీద కూర్చుని, అది చూస్తూ బొమ్మల్ని కదిలిస్తారు. అలా అతను రాక్షసుడయ్యాడు, ఇనుపమనిషయ్యాడు, ఒకసారి ముసలి మంత్రగత్తె కూడా అయ్యాడు. ఎవరైనా సరే, చివరికి పడ్డారు. తెర మీద అతని మొహం ఏనాడూ కనిపించలేదు. భార్య మాత్రం సినిమా నడుస్తుండగానే, "ఆ నడుము మీదేనండీ" అని పట్టేస్తుంది.

కొట్టేది బావ, సొంత అక్క మొగుడు. మేడ మీదివాళ్ళు ఇద్దర్నీ కొట్టే బాబాయ్, పడే బాబాయ్ అంటారు. "అక్కనిచ్చాం, చాల్లేదు. ఇప్పుడు చెంప కూడా ఇస్తున్నాం" అని అతనంటే, "పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదులేరా" అని బావ ఓదారుస్తాడు. పిడికిలి చెంపకు బెత్తెడు దూరంలోంచి పోవాలి. అతను తగిలినట్టే పడాలి. ఇన్నేళ్ళలో బావ చెయ్యి ఆ బెత్తెడు దాటి రాలేదు.

ఈమధ్యే వస్తోంది. మొదట చెంపకు గాలి తగిలింది. తర్వాత వేళ్ళ మీది వెంట్రుకలు తగిలాయి. అతను నోరెత్తలేదు. దూరం తెలియని చేతిని ఇక్కడ ఒక్క పూట కూడా ఉంచుకోరు, ఉంచుకోకూడదు కూడా. కానీ ఈ హాలు లేకపోతే బావ ఏమైపోతాడో అతని ఊహకు అందలేదు. అందుకని నేల మీద అంటించిన గీత వదిలి, తానే ఆవగింజంత వెనక్కి జరిగి నిలబడుతూ వచ్చాడు. ఏదో ఒకరోజు అది చాలదని అతనికి తెలుసు.

ఆ రోజు పెద్ద దెబ్బ షాట్ తియ్యాలి. కొండంత రాక్షసుడు ఒక్క గుద్దుకు కూలిపోవాలి. డైరెక్టరమ్మ అతని కూతురి వయసు పిల్ల. "చూసేవాళ్ళు వాళ్ళ దవడ పట్టుకోవాలి బాబాయ్" అంది.

బావ చెయ్యి లేచింది. తగిలింది. చెవిలో గుయ్యిమంది, నోట్లో ఉప్పగా ఊరింది. అతను పడలేదు. పడాలన్న ఆలోచనే రాలేదు. రెండుసార్లు కళ్ళార్పి అలాగే నిలబడ్డాడు.

డైరెక్టరమ్మ దాన్ని తెర మీద మెల్లగా వేసి చూసింది. మొహం చిట్లించింది.

"ఇది వద్దు బాబాయ్. అస్సలు తగిలినట్టే లేదు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే పళ్ళ మధ్య ఎరుపు కనిపిస్తుందని మూతి బిగించాడు. నొప్పి సంగతి తర్వాత, ముందు ఆశ్చర్యం వేసింది. ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. నిజమే, దోమ వాలితే విదిలించుకున్నట్టు తల కాస్త ఊగింది, అంతే. పక్క తెర మీద నిన్నటి అబద్ధపు దెబ్బ ఉంది. అందులో పిడికిలి రాకముందే ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. తర్వాత మెడ తిరిగింది, దాని వెనక భుజం, భుజం వెనక నడుము, ఆఖరికి మడమ నేల వదిలింది. దెబ్బ ఒళ్ళంతా నడుచుకుంటూ పోవడం కంటికి కనిపిస్తోంది. నిజం దెబ్బకు అంత తీరిక లేదు మరి! అంటే ఇన్నేళ్ళూ జనం నోరు తెరుచుకుని చూసింది బావ ఆపిన చోటునీ, అది నమ్మి తాను ఒళ్ళు వదిలేసిన తీరునీ అన్నమాట. ఇంత వయసొచ్చాక ఇప్పుడా తెలియడం అనుకుని, ఇంకోసారి వెయ్యమన్నాడు.

"నాదే పొరపాటమ్మా, నడుం తిప్పలేదు" అన్నాడు చివరికి. ఈసారి బాగా వెనక్కి జరిగి నిలబడ్డాడు. రాక్షసుడు కూలాడు. మెట్ల మీద నిలబడి చూస్తున్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. బావ మాత్రం తన వేళ్ళ కణుపులు చూసుకుంటున్నాడు.

కుళాయి దగ్గర ఎర్రనీళ్ళు ఉమ్మేసి తలెత్తితే వెనక బావ ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి వెనక్కి జరుగుతున్నావురా?"

"ఏం లేదు బావా, నడుం నొప్పి. ఉన్నచోట ఉండలేకపోతున్నా."

బావ జేబురుమాలు తడిపి అతని దవడకు అదిమాడు. ఆ చెయ్యి తనను అంత మెత్తగా ముట్టుకోవడం అతనికి కొత్త. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రేపట్నుంచి కాస్త నెమ్మదిగా చేద్దాం బావా."

"నెమ్మదిగా కొడితే రాక్షసుడు నవ్విపోతాడ్రా. మీ అక్కకి నేనే చెప్తా. నువ్వు నోరు తెరిచావో, ఆ కదిలిన పన్ను కాస్తా ఊడి చేతికొస్తుంది."

బావ మేడ మీదికి వెళ్ళి డైరెక్టరమ్మతో ఏదో చెప్పి, దిగి వచ్చి చొక్కా మార్చుకున్నాడు. రోజూ "వస్తా" అనే మనిషి, ఈ పూట "వెళ్తున్నాన్రా" అన్నాడు. తలుపు తనంతట తనే మూసుకుంది.

మధ్యాహ్నం ఇంకో షాట్ ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. "ఈ ఒక్కటీ ఊహించుకుని పడండి బాబాయ్" అంది డైరెక్టరమ్మ, అతని కళ్ళలోకి చూడకుండా. చాన్నాళ్ళకు అతను సరిగ్గా గీత మీద నిలబడ్డాడు. మునుపటి బావ చెయ్యి ఎక్కడ ఆగేదో అతని ఒంటికి తెలుసు. బాగానే పడ్డాడు.

సాయంత్రం మెత్తలు విప్పుకుంటుంటే, బావ చొక్కా తగిలించే మేకు కింద, బల్ల మీద కళ్ళజోడు పెట్టె ఒకటి కనిపించింది. బావ కళ్ళజోడు పెట్టుకోగా అతనెప్పుడూ చూడలేదు. పెట్టె తెరిచాడు. లోపల జోడు కొత్తగా మెరుస్తోంది, కుడి అద్దం మీద దుకాణంవాళ్ళు అంటించిన చీటీ ఇంకా అలాగే ఉంది.