అత్తయ్య కింది దవడ

నా మొగుడు మనుషుల ముఖాలు చూడడు, పళ్ళు చూస్తాడు. మొదటిసారి నాతో డాన్సు చేస్తూ, "నీ కోరపన్ను భలే నిటారుగా ఉందే!" అన్నవాణ్ణి ఎందుకు చేసుకున్నానో నాకిప్పటికీ తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా మా భోజనాల బల్ల మీద ఉప్పు పక్కన ఎవరివో పళ్ళు ఉంటూనే ఉన్నాయి. కెనడాలో, ఈ సస్కాచెవాన్‌లో మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కట్టుడు పళ్ళు చేసేది ఓస్టాప్ ఒక్కడే మరి.

ఆయనకు లొంగని నోరు ఒకటే ఉంది. అది వాళ్ళమ్మది.

అత్తయ్య పరాస్కాకు కింది దవడ వెడల్పు, పైగా ముందుకు ఉంటుంది. పైది చిన్నది. పళ్ళు పోయాక అది ఇంకా కుదించుకుపోయింది. చిన్నప్పుడు బడిలో ఎవరో "ఎద్దుమూతి" అన్నారట. అందుకని కట్టుడు పళ్ళయినా సరే, అందరికీ ఉన్నట్టు పైవి కిందివాటిని కప్పాలని పట్టుబట్టింది. ఓస్టాప్ వద్దన్నాడు. తల్లి వింటేనా! చివరికి పై పళ్ళను ఎముక దాటించి ముందుకు పేర్చాడు. బెంచీ ఈ కొసన కూర్చుంటే ఆ కొస లేచినట్టు, ముందు కొరికితే వెనక ఊడివచ్చేవి.

ఆవిడ ఒప్పుకుందా? రొట్టె గట్టిదంది, మాంసం తోలంది.

గురువారాల్లో చర్చి కింది గదిలో ఆడవాళ్ళంతా పిండి పొరలో బంగాళదుంప కూరిన పిరోహీలు చుట్టి, ఉడకబెట్టి, చివర కలిసి కూర్చుని తింటారు. అత్తయ్య ముప్ఫై ఏళ్ళుగా అక్కడ అందరికీ పెద్ద దిక్కు. ఒకరోజు ఆ పై వరస కాస్తా స్నేహితురాలు నెట్టీ ఎదురుగా పళ్ళెంలో పడింది. అంతే, వెళ్ళడం మానేసింది. గురువారాలు ఇంట్లోనే నా వెనక నిలబడి, నేను ఉల్లిపాయలు తరిగే తీరు చూసి నిట్టూర్చేది. ఆవిడకు స్నేహితులు కావాలి, నాకు నా వంటిల్లు కావాలి.

ఓస్టాప్ మళ్ళీ మైనంలో పళ్ళు పేర్చాడు. ఈసారి దవడలు ఎలా ఉన్నాయో అలాగే. ముందు పళ్ళు అంచుకు అంచు. వెనక మాత్రం కింద కుడివైపు వరస తీసి పైన ఎడమవైపు పెట్టాడు, అక్కడిది ఇక్కడ పెట్టాడు. పొరపడ్డాడేమోనని సర్దబోతే నా చేతి మీద ఒక్కటేశాడు. "కింది దవడ వెడల్పు కదా, ఇలా తిరగేస్తేనే పళ్ళు ఎముక మీద కూర్చుంటాయి."

అత్తయ్య ఆ మైనం పళ్ళు పెట్టుకుని అద్దం చూసుకుంది. "ఒరేయ్, ఎద్దుమూతి మళ్ళీ తెచ్చావు కదరా!"

"దవడ నువ్వు తెచ్చుకున్నదేనమ్మా. నేను పేర్చింది పళ్ళు."

"తీసెయ్!"

నేను చేతులు తుడుచుకుంటూ వచ్చాను. "అత్తయ్యా, పొలానికో జత బూట్లు, చర్చికో జత ఉండవూ? ఇవి వంటింటి పళ్ళనుకోండి. పాతవి చర్చికి పెట్టుకోండి."

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. కానీ వద్దనలేదు.

పళ్ళు తయారైన వారంలో ఆవిడ గది తలుపు వెనక నుంచి ఆపిల్ కరకరలాడటం విన్నాను. విననట్టే వెళ్ళిపోయాను. గురువారం ఆవిడే కోటు తొడుక్కుంది.

"చర్చి పళ్ళు మరిచారు" అన్నాను, చాలా వినయంగా.

"కింది గదికి చర్చి పళ్ళెందుకు? అది కూడా వంటిల్లే!"

నేనూ వెంట వెళ్ళాను. బల్ల దగ్గర నెట్టీ ఆవిడనే తేరిపార చూసింది. "పరాస్కా, పళ్ళు మార్చావా?"

అత్తయ్య ఫోర్కు గాల్లో ఆగిపోయింది. "ఏం? బాగాలేవా?"

"ఇన్నాళ్ళూ ఎవరి పళ్ళో అరువు తెచ్చుకున్నట్టుండేదానివి. ఇప్పుడు నీ మొహం నీకొచ్చింది. ఆ వెన్న ఇటు జరుపు."

అత్తయ్య వెన్న జరిపింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. పక్కామె చెప్పిన జోక్‌కి నోరంతా తెరిచి నవ్వింది కూడా. ఏదీ ఊడలేదు. నేను అప్పుడు నా పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను.

ఇంటికొచ్చేసరికి ఓస్టాప్ గుమ్మంలోనే ఉన్నాడు. "ఊడాయా?"

"ఊడలేదు" అంది అత్తయ్య.

కోటు విప్పి తగిలిస్తూ, అటు తిరిగే అంది.

"ఆనాడే వద్దన్నావురా నువ్వు. నేనే వినలేదు. తప్పు నాదే."