కనకయ్యగారి కణుపులు

మా నాన్న కనకయ్యగారికి వేలి కణుపుల మీద, మడమల వెనక గట్టి ఉబ్బులుండేవి. అవి అన్నయ్య శేషగిరికి వచ్చాయి, నాకు రాలేదు. "నువ్వు కృష్ణలో దొరికితే తెచ్చుకున్నాం" అని ఇంటిల్లిపాదీ ఏడిపించేవారు. నిజంగానే ఏడ్చేదాన్ని. అన్నయ్య కూతురు జానకికి ఆరేళ్లకే అవి వచ్చేసరికి ఇంట్లో ఒకటే సంబరం. నాన్నే మళ్లీ పుట్టాడన్నారు.

నాన్న నలభై నిండకుండానే గుండె ఆగి పోయాడు. నెయ్యి తెగ తినేవాడు, అందుకే పోయాడని తేల్చేశారు. అప్పట్నుంచీ మా ఇళ్లలో నెయ్యి లేదు.

1983లో నేను ఢిల్లీలో ఎలుకల కాలేయాల మీద పరిశోధన చేస్తున్నాను. కాలేయంలో రిడక్టేజ్ అనే ఎంజైము కొలెస్ట్రాల్ తయారీని నడుపుతుంది. చాలినంత ఉందని తెలిస్తే పని తగ్గిస్తుంది. ఎలుకలో కూడా అంత బుద్ధిగా ఉంటుంది. పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే మా ల్యాబులో ఎవరి ఇంటివాళ్లను వాళ్లు పట్టుకొచ్చేవాళ్లం. నేను ఢిల్లీలోనే ఉద్యోగం చేస్తున్న అన్నయ్యను తెచ్చాను. నెయ్యి ముట్టని మనిషి, ఇంకేం కావాలి?

ఫలితం చూసి నాకు మతిపోయింది. రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుకు రెట్టింపు. మళ్లీ చేసినా అంతే. పరీక్ష కిట్టు పాడైందని గైడు రాధాకృష్ణమూర్తిగారి దగ్గర విసుక్కున్నాను.

ఆయన కిట్టు వైపు చూడలేదు. "మీ అన్నయ్యకి వేలి కణుపుల మీద ఉబ్బులున్నాయా?"

"మీకెలా తెలుసండీ?"

"అది కొలెస్ట్రాలేనమ్మా. కొన్ని కుటుంబాల్లో కాలేయం రక్తంలో ఉన్నదాన్ని సరిగా లోపలికి తీసుకోలేదు. చాల్లేదనుకుని ఎంజైము చేస్తూనే ఉంటుంది. తిండిది కాదు తప్పు, పుట్టుకతో వచ్చేది. మీ వదిన బయటి సంబంధమేనా?"

"మా మేనత్త కూతురేనండీ."

ఆయన కళ్లజోడు తీశారు. "పిల్లలకి ఉబ్బుల్లేవు కదా? అమ్మ నుంచీ నాన్న నుంచీ వస్తే చిన్నప్పుడే కనిపిస్తాయి. అలాంటి పిల్లలు ఇరవై దాటడం కష్టం."

సరోజినీ నగర్‌లో అన్నయ్య క్వార్టరుకు ఎలా చేరానో తెలియదు. గౌరి వదిన తలుపు తీసింది. ముందు ఆవిడ మడమలే చూశాను. ఉబ్బులు అక్కడా ఉన్నాయి. ఇన్నేళ్లూ చెప్పుల ఒరుపు అనుకున్నాం.

"రావే హైమా, మొహం అలా పాలిపోయిందేం? జానకీ, అత్తకి చేతులు చూపించు. ఇప్పుడు మోచేతుల మీదా వచ్చాయే. అచ్చం మా మామయ్యే!" అంది మురిసిపోతూ.

జానకి నా ఒళ్లో కూర్చుని నా వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. నున్నగా ఉన్నాయి. దానికి నా మీద జాలేసింది.

"బువా, ఆప్‌కో క్యోం నహీ మిలా?"

నాకెందుకు రాలేదని అడుగుతోంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"అత్తని కృష్ణలో దొరికితే తెచ్చుకున్నార్లేవే!" అని వదిన పకపకా నవ్వింది.

"వదినా, నువ్వు కాస్త కూర్చో" అన్నాను.