పదకొండోది

సబ్బులూ ఉల్లిపాయలూ రాసుకున్న కాగితాన్నే వెనక్కి తిప్పి, లాప్‌టాప్‌లో మొదటినుంచీ ఉన్న ప్రోగ్రాములన్నీ రాశాను. హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది వేస్తే అందులో ఏమీ ఉండదట, కొన్నప్పుడు వచ్చినవన్నీ మళ్ళీ తెప్పించుకోవాలట. ఏమేం ఉండేవో గుర్తున్నంత రాసి తెమ్మంది మెకానిక్. నాకు గుర్తుండకపోవడమా! ఇంట్లో ఎవరి మాత్ర ఎన్నింటికో, ఎవరి చొక్కాకి గుండీ ఊడిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పదకొండు రాశాను. పేరు తెలియని దానికి బొమ్మ గీశాను.

ఆ లాప్‌టాప్ మీదే నా పని. ఒక ప్రచురణ సంస్థ పంపే పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దుతాను. "ఇంట్లో కూర్చుని టకటకలాడించడం కూడా ఉద్యోగమేనా" అంటుంది మా అత్తగారు, నేను వడ్డించిన కంచం ముందు కూర్చునే. లాప్‌టాప్ మాత్రం నాలుగేళ్ళ కిందట మావారే కొనిచ్చారు. "అన్నీ వేయించే తెచ్చాను, నువ్వేం కెలక్కు" అన్నారు. కెలకలేదు. ఈ ఉదయం కూడా గుమ్మంలో ఆగి మరీ చెప్పారు, "ముందెలా ఉందో అలాగే చేయించు. ఒక్కటీ తగ్గకూడదు." నా పని మీద ఈయనకి ఇంత శ్రద్ధా అని లోలోపల మురిసిపోయాను కూడా. సిగ్గు లేకపోతే సరి.

రిపేరు షాపులో ఆ మెకానిక్, నాకంటే పదేళ్ళు చిన్నది, లాప్‌టాప్ బోర్లించి అడుగునున్న సీరియల్ నంబరు కొట్టింది. కంపెనీ జాబితా తెర మీదికొచ్చింది. ఒక్కొక్కటే దింపుతూ, నా కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ పోయి ఆగింది.

"మేడమ్, కంపెనీ ఇచ్చినవి పదే. ఈ నీలం గడియారం బొమ్మేంటి?"

"అదీ మొదటినుంచీ ఉందమ్మా, కింద మూలన. సరిగ్గా చూడు" అని దబాయించాను.

ఆమె వాదించలేదు. పాత డిస్క్‌కి వైరు తగిలించి, చదవగలిగినంత చదివించింది. తెరవైపు చూసి, నావైపు చూసి, కుర్చీ ముందుకు జరిపింది.

"కూర్చోండి మేడమ్. ఇది పది నిమిషాలకోసారి మీ స్క్రీన్‌ని ఫొటో తీసి ఈ మెయిల్‌కి పంపుతోంది. ఎవరో కావాలని వేశారు. ఈ మెయిల్ ఎవరిదో తెలుసా?"

మా పెళ్ళి తేదీ ఉన్న మావారి మెయిల్. తెలియకపోవడమేమిటి?

నాలుగేళ్ళు! "ఈ పూట పొయ్యి ముఖం చూడాలని లేదే" అని అక్కకి ఇందులోంచే మెయిల్ రాసిన రోజు, ఆయన వస్తూనే "ఏం, ఇవాళ వంట చేయాలని లేదా" అని హోటల్ నుంచి తెప్పిస్తే పొంగిపోయానే! పెద్ద ప్రచురణ సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు సగం రాసి ఆపిన సాయంత్రం, ఎవరూ అడక్కుండానే "బయటికెళ్ళి చేసే ఉద్యోగాలు నీ ఒంటికి పడవు" అన్నారు. నామీద ఎంత బెంగో అనుకుని ఆ దరఖాస్తు చెరిపేశాను. ఓరి దేవుడో! చెప్పకుండానే నా మనసు చదివేస్తారే అని అక్కకి గొప్పలు పోతూ రాశాను. ఆ మాటా చదివే ఉంటారు. చదివి నవ్వుకునే ఉంటారు. ఆ పిల్ల మంచినీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది.

"దీన్ని వేయను కదా?" అని మెల్లగా అడిగింది. వద్దని తల ఊపాను.

ఫోన్ మోగింది. ఆయనే.

"అయిందా? అన్నీ వచ్చాయా?"

"కంపెనీ ఇచ్చినవన్నీ వచ్చాయండీ. మీరు వేసిందే వద్దన్నాను."

కసురుకుంటారనుకున్నాను. ఏం వాగుతున్నావంటారనుకున్నాను. "ముందు ఇంటికి రా, మాట్లాడుకుందాం" అన్నారు, ఎప్పుడూ లేనంత మెత్తగా. "ఎన్నింటికి వస్తావు?"

అరగంటలో వస్తానన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇంకా అనుకోలేదు" అన్నాను. "అనుకున్నాక, నేను చెబితేనే మీకు తెలుస్తుంది."