ఎవరి మాటా కొట్టెయ్యని స్కూలు

ఆ బిజినెస్ స్కూల్లో ఒక పెద్దమనిషి తరహా పద్ధతి ఉండేది. ఏ పత్రమైనా అధ్యాపకులంతా కలిసే రాయాలి. ఎవరైనా తమ మాట చేర్చవచ్చు గానీ, ఇంకొకరి మాట కొట్టెయ్యకూడదు. కొట్టేస్తే అవతలివాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటం. వ్యాపారంలో నిర్మొహమాటంగా ఎలా ఉండాలో పిల్లలకు గొంతు చించుకుని చెప్పే మహానుభావులే, స్టాఫ్ రూములోకి వచ్చేసరికి నోట్లో నాలుక లేనివాళ్లు అయిపోయేవారు.

అందువల్ల, రాబోయే ఐదేళ్లలో స్కూలు ఏం సాధించాలి, సమాజానికి ఏం మేలు చెయ్యాలి అని ఒక పేజీతో మొదలైన విజన్ పత్రం చాంతాడంత అయి కూర్చుంది. ఒకరు పర్యావరణం అన్నారు, ఒకరు నైతిక పెట్టుబడులన్నారు, ఇంకొకరు అంతర్జాతీయ భాగస్వామ్యం అన్నారు. అన్నీ ముఖ్యమే. ఏది ముందో అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

వైస్ ఛాన్సలర్, అధ్యాపకులు కలిసి పత్రాన్ని ఆమోదించే కౌన్సిల్ సమావేశం ఇంక మర్నాడే. డీన్ గారు ఇంట్లో భోజనాల బల్ల మీద ఆ కట్ట పరిచి, సాయంత్రం కోర్సు ఎక్కడుందా అని వెతికింది. పగలు పనికి పోయేవాళ్ల కోసం ఆవిడ రాయించిన అంశం అది. చివరి పేజీలో, సైకిల్ స్టాండుకు రేకులు వేయించాలన్న దాని కింద కనిపించింది. కౌన్సిల్ ఏనాడూ మొదటి పేజీ దాటి చదివిన పాపాన పోలేదు. ఈసారి తప్పితే మళ్లీ ఐదేళ్లకే. ఆవిడకు ఒళ్లు మండింది.

ఎదురుగా తోడికోడలు బడిపిల్లల యూనిఫారాలకు కాజాలు కుడుతోంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు. తోడికోడలుకు బజారులో బట్టలు కుట్టే షాపుంది, ఇంకోటి పెట్టాలన్న ఆశ ఉంది, వ్యాపారం పద్ధతిగా నేర్చుకోవాలన్న పట్టుదల ఉంది. పగటి క్లాసుకు వెళ్తే షాపుకు తాళం వెయ్యాలి. సాయంత్రం కోర్సు వస్తుందని డీన్ గారు ఆవిడకు రెండేళ్లుగా చెబుతూనే ఉంది.

"ఇప్పటికైనా వస్తుందా అక్కా?" అంది ఆవిడ సూది ఆపకుండా.

"వస్తుంది. రాకపోతే నేనెందుకు ఆ కుర్చీలో?"

అనడమైతే అనేసింది. ఆ తర్వాత ఎర్ర పెన్ను తీసి, ఆ స్కూల్లో ఎవరూ చెయ్యని పని మొదలుపెట్టింది. పర్యావరణం కొట్టేసింది. భాగస్వామ్యం కొట్టేసింది. తనకు చదువు చెప్పిన మాస్టారు ముచ్చటపడి రాసిన పూర్వ విద్యార్థుల ప్రదర్శనశాల దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దాన్నీ కొట్టేసింది. ఆపైన నాయకత్వ పరిశోధన కేంద్రం ఉంది. అది ఆవిడ సొంత కల, పదేళ్ల నాటిది. అయినా గీత గీసేసింది. గీశాక ఆకలి వేసింది, కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు కౌన్సిల్ హాల్లో వైస్ ఛాన్సలర్ ముందు ఒకే ఒక్క కాగితం పెట్టింది. అందులో ఉన్నదల్లా ఇంతే: ఊళ్లో పని చేసుకుంటూ బతికేవాళ్ల కోసం స్కూలు సాయంత్రాలు కూడా తెరిచి ఉంటుంది, పగలు చెప్పే చదువే, పగలు ఇచ్చే పట్టానే, ఆ అధ్యాపకులే. ఇది నిలదొక్కుకున్నాకే మరో పని.

బల్ల చుట్టూ గుసగుసలు లేచాయి. మాస్టారు కళ్లద్దాలు సర్దుకున్నారు. ఆయన్ని విద్యార్థులు పీనాసి మాస్టారు అంటారు. మార్కులు సొంత జేబులోంచి తీసి ఇస్తున్నట్టు వేస్తారని ఆ పేరు.

"నేను రాసింది ఏదమ్మా?"

"కొట్టేశానండీ. నాదీ కొట్టేశాను."

"మమ్మల్ని ఒక్కమాట అడగకుండానే?"

"అడిగితే ఇంకో నాలుగు చేరేవి, మాస్టారూ. తెరవకముందే తలుపు దగ్గర ఇన్ని సామాన్లు పెడితే మనుషులు లోపలికెలా వస్తారు?"

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు నవ్వలేదు.

"మీ తోడికోడలు కూడా చేరుతుందని విన్నాను. ఆవిడ కోసమేనా ఇదంతా?"

డీన్ గారు తల దించలేదు.

"ఆవిణ్ని చూసే తట్టిందండీ, దాచను. కానీ మనం సమాజం, సమాజం అని రాసుకున్నాం కదా. మీకు తెలిసిన ఒక్క మనిషి పేరు చెప్పండి, మన పత్రం వల్ల బాగుపడేవాళ్లది. నాకు ఒకరు తెలుసు. అక్కణ్ణించి మొదలుపెడతాను."

"అయితే ఆవిడ పేపర్లు నువ్వు దిద్దకూడదు. నేను దిద్దుతాను."

"తప్పకుండా దిద్దండి. మీకన్నా గట్టివారు ఎవరున్నారు?"

వైస్ ఛాన్సలర్ చేతులెత్తమన్నారు. మాస్టారు చేతులు కట్టుకునే కూర్చున్నారు. మిగతావాళ్లు ముందు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఆపైన ఒక చెయ్యి లేచింది, పక్కది లేచింది, చివరికి సగానికి పైనే లేచాయి. ప్రణాళిక నెగ్గింది.

డీన్ గారు వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. అవతల కుట్టు మిషన్ల చప్పుడు.

"వచ్చేసిందే నీ కోర్సు!"

మిషన్ల చప్పుడు ఆగింది. "నిజంగానా అక్కా? మరి సాయంత్రాలు ఇంట్లో వంట?"

"అన్నదమ్ములిద్దరూ ఉన్నారుగా. మాడ్చుకుంటారో, నేర్చుకుంటారో వాళ్లిష్టం. ఇంకో మాట విను. నీ పేపర్లు మా మాస్టారు దిద్దుతారు. నా తోడికోడలివని ఒక్క మార్కు ఎక్కువ రాదు."

"అంటే నన్ను ఫెయిల్ చేస్తారా?"

"బాగా రాయకపోతే చేస్తారు. నేనూ అడ్డం పడను."

బాధపెట్టానేమోనని డీన్ గారి మనసు చివుక్కుమంది.

"అక్కా," అంది తోడికోడలు. "నీకిదంతా ఎందుకులే అన్నవాళ్లే గానీ, నన్ను కూర్చోబెట్టి, రాయి, తప్పైతే తప్పంటాం అన్నవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఆయన్ని గట్టిగానే దిద్దమను."